ఉప్పు నేలలో పత్తికట్టెలు

దయ్యం పట్టిన బండిని నేను ఇంతవరకు చూడలేదు. తుప్పు పట్టినవి మాత్రం లెక్కలేనన్ని చూశాను. హగరి ఏటి దగ్గర వ్యవసాయ ఫారంలో ట్రాక్టర్లు, పంపుసెట్లు బాగుచేసే మెకానిక్కును నేను. ఇంజను మొరాయిస్తే డ్రైవర్లు ముందు నిమ్మకాయ కట్టి, ఆ తర్వాత నన్ను పిలిచేవాళ్ళు. నేను ఆ నిమ్మకాయ విప్పి, మజ్జిగలో పిండుకుని తాగి, ప్లగ్గు తుడిచేవాణ్ణి. బండి కదిలేది. అంతా నిమ్మకాయ మహిమ అనేవాళ్ళు. మజ్జిగ వరకు నేనూ ఒప్పుకునేవాణ్ణి.

అటువంటివాడు ఇప్పుడు ఈ సంగతి రాయడమేందని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించే ఇన్నేళ్ళు రాయలేదు.

ముందు మా నాయన గురించి చెప్పాలి. ఆయన ఎద్దుల బండి తోలేవాడు. హగరి అవతలి పల్లెల నుంచి పత్తి నింపుకుని బళ్లారికి తెచ్చేవాడు. హగరిలో వరద తీసినాక ఇసుక పైకి గట్టిగానే కనిపిస్తుంది. కాలు పెడితే మోకాటి దాకా మింగుతుంది. అందుకని బండ్ల వరుసలో ఒకరు ముందు నడిచి, ముల్లుకర్రతో పొడిచి చూస్తూ, గట్టి నేల ఉన్న చోటల్లా ఒక పత్తికట్టె నాటుతూ పోయేవాళ్ళు. దూరానికి కూడా కనబడేట్టు దానికి నల్ల కంబళి పోగు కట్టేవాళ్ళు. వాటిని దోవకట్టెలు అనేవాళ్ళు. అవతలి గట్టు ఎక్కినాక వాటిని పెరకరాదు. వెనక వచ్చేవాడికి అవే దిక్కు.

ఆ ముందు నడిచే పని ఎప్పుడూ మా నాయనదే. పత్తి మరలో ఆయన కుడి బొటనవేలు పోయింది. అందుకని ఎడమచేత్తో పోగు చుట్టి, కొసను పళ్ళతో లాగి ముడి వేసేవాడు. ఆ ముడి తిరగబడి ఉండేది. కొస నమిలినట్టు చప్పిడిగా ఉండేది.

లారీలు వచ్చినాక బండ్ల రేవు పాడుబడింది. నేను మెకానిక్కునయ్యానని ఊరంతా మెచ్చుకున్నా ఆయన మాత్రం ఒకటే అడిగేవాడు. "ఎద్దు నేలను వాసన చూసి నిలబడతాదప్పా. నీ ఇంజనుకు ముక్కు యాడుండాది?" నేను నవ్వేవాణ్ణి. ఆయన పోయిన నాలుగేళ్ళకు గాని నాకు జవాబు తెలియలేదు.

మా పక్కకు కాలువ నీళ్ళు వచ్చిన కొన్నేళ్ళకు, మిలిటరీవాళ్ళు తీసేసిన పాత వ్యాను ఒకటి నా చేతికి వచ్చింది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. నేను పెళ్ళి చేసుకుని, ఇల్లు కట్టి, దానికి నాలుగు చక్రాలు కూడా పెట్టి చూశాను. లోపల నాలుగు పలకల మంచం, కిరసనాయిలు స్టవ్వు, నీళ్ళ డ్రమ్ము, పోపుల డబ్బాకు ఒక గూడు. ఈ ఆలోచన నాది కాదు, సుంకమ్మది. సుంకమ్మ నా భార్య. మా అక్క కూతురే కాబట్టి పెళ్ళయినా మామా అనే పిలుస్తుంది. చిన్నప్పుడు బడి పుస్తకంలో జైసల్మేరు ఇసుకలో కోట బొమ్మ ఒకటి చూసిందట. అది చూడాలని.

"ఇసుకకు అంత దూరమెందుకు మే? హగరిలో లేదా?" అన్నాను.

"హగరిలో ఒంటెలుండాయా?" అంది.

నేను పోయి వ్యాను కొలతలు తీశాను.

మా నాయనతో కలిసి బండి తోలిన ఎర్రిసామన్న మాత్రం వ్యాను చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి తేల్చేశాడు. "ఈ పెట్టె రాయచూరు దాటదప్పా. ఆ ఇసుక కోట దాకా పోయొస్తే నా మీసం గొరిగించుకుంటా." ఆ మీసమంటే ఆయనకు ఎద్దుల జతకన్నా ఎక్కువ. మా పక్క నలుగురు కలిస్తే ఈ పందెం మాటే. దీపావళి దాటినాక సెలవు పెట్టి బయల్దేరాము.

రాయచూరు దాటాము. దాటినాక నేను బండి ఆపి, దిగి, ఊరివైపు తిరిగి మీసం దువ్వుకున్నాను. నాకు మీసం లేదు. అయినా దువ్వాను.

సుంకమ్మకు డ్రైవింగ్ నేర్పింది నేనే. బిజాపూరులో చీర కొంగు దోపుకుని ఆమె వ్యాను తోలుకొస్తుంటే, గోల్‌గుంబజ్ చూడ్డానికి వచ్చినవాళ్ళు గుంబజ్ వదిలి ఆమెను చూశారు. నాకు ఛాతీ ఎంత పొంగిందో చొక్కా గుండీలకే తెలుసు. ఔరంగాబాదు, ఉదయపూరు, జోధ్‌పూరు. రాజులు వేటకని కాపాడిన జింకల అడవుల పక్కన వంట చేసుకున్నాము. ఎక్కడాగినా ఆమె పప్పుగుత్తి చప్పుడు వినబడితే అదే మా ఊరు.

జోధ్‌పూరు దాటి జైసల్మేరు వైపు పోతుండగా నేను ఆ తప్పు చేశాను.

బాట ఇసుకలో పెద్ద చుట్టు తిరిగి పోతోంది. ఎడమ పక్కన మాత్రం అద్దంలా చదునైన నేల, మైలు పైనే. తెల్లగా, నెర్రెలు విచ్చి ఉంది. మా నల్లరేగడిలో నేల పగిలిందంటే అది రాయితో సమానం. ఎండాకాలం నెర్రెల మీద గింజలు నింపిన బండి కూడా దడదడమని పోతుంది. మా వైపు పుట్టినవాడెవడూ పగిలిన నేలను అనుమానించడు.

"తెల్లగా ఉండాది మామా. నాకెందుకో నమ్మకం లే," అంది సుంకమ్మ.

"నేలకు రంగుతో ఏం పని? పగిలిందా లేదా?" అని స్టీరింగు తిప్పాను.

అర మైలు పోయినాక ముందు చక్రం చప్పున దిగింది. అది ఉప్పు నేల. పైన అప్పడమంత పెచ్చు, కింద బురద. మంచం పలకలు నాలుగూ పీకి చక్రాల కింద వేసి, ఒక జానెడు గట్టి జాగా మీదికి వ్యానును ఎక్కించేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. వెనక్కి చూస్తే మా చక్రాల జాడల్లో ఉప్పు నీళ్ళు ఊరి నిలబడ్డాయి. వచ్చిన దారి ఇక లేదు. గడ్డపారతో చుట్టూ పొడిచాను. ఒక చోట టంగుమంటుంది, పక్క అడుగులో పిడి దాకా పోతుంది. ఆ కుదుపులకు డ్రమ్ము పక్కకు ఒరిగి నీళ్ళు సగం పోయాయి. కనుచూపు మేర మనిషి లేడు. ఆమెను ఇంత దూరం తీసుకొచ్చింది ఇందుకా అనిపించింది. ఉప్పు తిన్నవాడు విశ్వాసంగా ఉండాలంటారు. మమ్మల్ని తినేట్టున్న ఉప్పుకు ఆ సామెత ఎవరు చెప్పాలి?

వ్యాను నీడలో తలా ఒక గుక్క తాగాము. సుంకమ్మ లేచి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"మామా, దోవకట్టెలు," అంది.

ఎండకు కళ్ళు చెదిరాయనుకున్నాను. చూశాను. వ్యానుకు పది అడుగుల్లో ఒకటి, దాని ముందు ఇంకొకటి, వంకరగా ఉత్తరం వైపు వరుసగా పోయాయి. ప్రతి దానికీ నల్లటి పోగు గాలికి ఆడుతోంది. అంతకు ముందు గడ్డపార పట్టుకుని నేను తిరిగిందీ ఆ పక్కనే. అప్పుడు అక్కడ ఏమీ లేదు. ఆమె చూడలేదు, నేనూ చూడలేదు. ఇది మాత్రం ఎవరి ముందైనా చెప్పగలను.

నేను గడ్డపారతో ముందు నడిచాను. వెనక ఫస్టు గేరులో సుంకమ్మ. ప్రతి కట్టె దగ్గరా పొడిచి చూశాను. కట్టె పక్కన గట్టి, బారెడు అవతల బురద. ఒక్కటీ తప్పలేదు. "వెనక నుంచి చూస్తాంటే నీ నడక అచ్చం తాత నడకే," అని తర్వాత చెప్పింది. మా నాయన ఆమెకు తాత.

ఇసుక గట్టు ఎక్కినాక ఆఖరి కట్టె పట్టుకుని చూశాను. పత్తికట్టె. కంబళి పోగు. తిరగబడిన ముడి. నమిలిన కొస. నా చేతులు ఆగలేదు, పెరికాను.

"తాత కట్టె పెరికితివే!" అని సుంకమ్మ అరిచింది. "యెనక వచ్చేటోళ్ళ గతేంది?"

వ్యానులోకి పోయి పప్పుగుత్తి తెచ్చింది. చీర అంచు చింపి దానికి కట్టింది. నేను పెరికిన గుంతలో గట్టిగా నాటింది. ఆ తర్వాతే బండి ఎక్కింది.

అవతలి పల్లెలో ఉప్పు చేసుకునేవాళ్ళు కనబడ్డారు. బళ్లారి బజారులో నేర్చిన ఉర్దూతో కట్టెల సంగతి అడిగాను. ఆ పక్కకు వాళ్ళు పోరట. కట్టెలు నాటే అలవాటు లేదట. పత్తి ఆ చుట్టుపక్కల పండదట. మమ్మల్ని పైనుంచి కింది దాకా చూసి నీళ్ళిచ్చారు. మూడోనాడు సుంకమ్మ తన బడి పుస్తకం కోటను చూసింది. పసుపు రాయి మీద చెయ్యి పెట్టి, గోడ వెంట ఆ చివరి దాకా నడిచింది.

ఊరికి వచ్చినాక ఎర్రిసామన్నకు ఏమీ చెప్పకుండా కట్టె చేతిలో పెట్టాను. ముడి తిప్పి చూశాడు. కొస వేలితో తడిమాడు. "ఇది యాడ దొరికిందప్పా నీకు?" అన్నాడు. చెప్పాను. లేచి వెళ్ళిపోయాడు. మరునాడు మీసం లేకుండా వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. పందెం కోసమా, మా నాయన కోసమా అని నేను అడగలేదు.

బొటనవేలు మడుచుకుని నేనూ ఆ ముడి ఎన్నోసార్లు వేసి చూశాను. రాలేదు. ఎవరో బాటసారి నాటి ఉంటాడనీ, ఎండలో మేమే ముందు గమనించలేదనీ తెలిసినవాళ్ళు అన్నారు. కావచ్చు. కట్టె మొనకు మా రేగడిలాంటి నల్లమట్టి పెళ్ళ ఒకటి అంటుకుని ఉంది. ఉప్పు కింది బురద కూడా నల్లగానే ఉంటుందన్నారు. అదీ కావచ్చు.

మా ఫారంలో మట్టి పరీక్ష చేసే గది నా షెడ్డుకు ఎదురుగానే ఉండేది. ఆ పెళ్ళ ఇస్తే అది ఏ నేలదో చెప్పేవాళ్ళు. కట్టె గుడ్డలో చుట్టుకుని రెండుసార్లు ఆ తలుపు దాకా పోయాను. రెండుసార్లూ లోపలి వాళ్ళను మజ్జిగ తాగుతారా అని అడిగి వెనక్కి వచ్చాను.

కట్టె ఇంట్లోనే ఉంది. సుంకమ్మకు ఒకటే గర్వం. ఆ ఎడారిలో మా ఇంటి పప్పుగుత్తి నిలబడి ఎవరికో గట్టి నేల చూపిస్తుంటుందని. నా గర్వం వేరే. ఇంజనుకు ముక్కు లేదని చెప్పిన మనిషి కొడుకును నేను. ఆ కట్టెలు ఎవరు నాటారో మాత్రం నాకు ఈనాటికీ తెలియదు.