గ్రాం గోబ్‌లో ఖాళీగా కనిపించిన ఒడ్డు

మా ద్వీపానికి స్వాతంత్ర్యం రావడానికి మూడేళ్ళ ముందు, మా వైపు చలి తగ్గే సెప్టెంబరు నెలలో, గ్రాం గోబ్ తీరాన జరిగిన పడవల ప్రదర్శనకు నన్ను డ్యూటీ మీద పంపారు. ఆ మధ్యాహ్నం, అక్కడికి కూతవేటు దూరంలో ఉన్న మా అక్క ఇంటికి నేను భోజనానికి వెళ్ళలేదు. నా సర్వీసు మొత్తంలో చేసిన తప్పుల్లో పెద్దది అదే. తిండికి వెళ్ళకపోవడం ఉద్యోగపు తప్పు ఎలా అయిందో చెప్పాలంటే, నా పనేమిటో ముందు చెప్పాలి.

నేను చిన్న పడవల తనిఖీదారును, రెండో తరగతి. పెద్ద ఓడల జోలి మాకు లేదు. చేపల వేటకు వెళ్ళే కొయ్య పిరోగులు, దగ్గరి దీవులకు జనాన్ని చేరవేసే లాంచీలు, షికారు పడవలు మా కిందికి వచ్చేవి. పలకల సందుల్లో కుక్కిన నార ఊడిందా, తారు పట్టుందా, ముక్కు మీద నంబరు చదవడానికి వీలుగా ఉందా అని చూసేవాళ్ళం. జనం నిండా ఎక్కాక నీటికీ పడవ అంచుకూ మధ్య ఎంత ఎత్తు మిగులుతుందో కొలిచేవాళ్ళం. ఆ ఎత్తు చాలకపోతే పడవ ఎంత అందమైనదైనా అనుమతి ఇచ్చేవాళ్ళం కాదు.

నేను పుట్టింది పిటాన్‌లో, చెరుకు తోటల మధ్య. నాకు ఈత రాదు. మా బావ సూరయ్యకు ఇది తరగని వేళాకోళం. ఆయన గ్రాం గోబ్‌లో పిరోగు మీద బతికేవాడు. నన్ను చూస్తే చాలు, "మా బావమరిదికి సర్కారు సముద్రం అప్పజెప్పింది. మోకాలి లోతు దాకా ఆయనదే" అనేవాడు. మా ఇళ్ళలో మాటలన్నీ ద్వీపపు భాష క్రియోల్‌లోనే. అక్క, బావ, తమ్ముడు అన్న వరసలు మాత్రం తెలుగువి. సాయంత్రపు బడిలో నేర్చుకున్న తెలుగుతో వాళ్ళ మాటల్ని ఇక్కడ రాస్తున్నాను.

ప్రదర్శనలో నాకు రెండు పనులు అప్పగించారు. షికారు పడవల తీరు ఎటు పోతోందో గమనించి పై అధికారికి రాయడం ఒకటి. ఆ తీరంలో పడవలు దించడానికి సిమెంటు ర్యాంపు కట్టాలంటే ఏ చోటు బాగుంటుందో గుర్తించడం రెండోది.

అంతకుముందు మా ద్వీపంలో షికారు పడవ అంటే తెరచాప పడవే. చక్కెర ఎస్టేట్ల కుటుంబాలవి అవి. సముద్రం పక్కన బంగళా, బంగళా ముందు పడవ, ఆ పడవకు ఏడాది పొడవునా జీతం మీద ఉండే పడవవాడు, ఇవన్నీ ఉన్నవాళ్ళకే ఆ సరదా. ఆ రోజు సరుగుడు చెట్ల కింద నేను చూసింది వేరే లోకం. డర్బన్ నుంచి వచ్చిన వర్తకులు ఫైబర్ గ్లాస్ పడవల్ని వరసగా పెట్టారు. వాటికి నార కుక్కే పని లేదు, తారు పూసే పని లేదు. పడవ వెనుక తగిలించే మోటార్లను కొయ్య స్టాండ్ల మీద, పందిట్లో మగపెళ్ళివారిని కూర్చోబెట్టినట్టు, తుడిచి తీర్చి కూర్చోబెట్టారు. అడుగున అద్దం బిగించిన పడవ ఎక్కి పగడాలు చూడటానికి క్యూర్‌పిప్ పట్నం నుంచి జనం బస్సుల్లో వచ్చి వరస కట్టారు. ఒక మోటారు పడవను ఒక యువతి తానే నడిపింది. ఒడ్డున నిలబడ్డ ముసలివాళ్ళు పడవవాడెక్కడ అని దాని చుట్టూ వెతికారు.

నా దృష్టిలో అసలు మార్పు పడవల్లో కాదు, వాటి కింది చక్రాల్లో ఉంది. ప్రతి పడవకూ ఒక ట్రైలర్. కారు వెనుక కట్టుకుని రావచ్చు, సాయంత్రం తిరిగి తీసుకుపోవచ్చు. అంటే సముద్రం పక్కన ఇల్లు లేనివాడు కూడా పడవ కొంటాడు. నా కళ్ళ ముందే రోజ్ హిల్ నుంచి వచ్చిన ఒక డాక్టరు, ఇద్దరు గుమాస్తాలు, ఒక బడిపంతులు ధరలు విచారించారు. పడవవాడి ఉద్యోగం పోతుంది, ర్యాంపు అవసరం పెరుగుతుంది అని రాసుకున్నాను. తర్వాతి ఏళ్ళలో జరిగింది అదే. ఆ మేరకు నా అంచనా తప్పలేదు.

పన్నెండు దాటాక, అక్క పంపగా పక్కింటి ఆవిడ వచ్చింది. "మీ అక్క వంకాయ వండింది, కారి కూర వండింది. సూరయ్య కుర్చీ బయట వేసుకుని కూర్చున్నాడు" అంది. వస్తానని చెప్పు అన్నాను. అంతలో ఒక డర్బన్ వర్తకుడు వచ్చి, "మిస్యే ఇన్‌స్పెక్టర్" అని, దొరల్ని పిలిచినట్టు మర్యాదగా పిలిచి, గుడారం కింద తెల్ల గుడ్డ పరచిన బల్ల దగ్గర తన పక్కన కూర్చోమన్నాడు. అటువంటి బల్ల దగ్గర నాకు కుర్చీ వేయడం అదే మొదటిసారి. కూర్చున్నాను. ఫోర్కుతో చల్లటి మాంసం తింటూ మోటార్ల గురించి తెలిసినవాడిలా మాట్లాడాను. ఆవిడ మళ్ళీ వచ్చి గుడారం అంచున కాసేపు నిలబడటం చూశాను. చూడనట్టు ఉండిపోయాను.

భోజనాలయ్యాక ర్యాంపు చోటు కోసం ఒడ్డు వెంట నడిచాను. గ్రాం గోబ్‌లో ఆ వైపు ఒడ్డంతా నల్లరాళ్ళు. మధ్యలో ఒక్కచోట మెత్తటి ఇసుక, నీటిలోకి చక్కటి వాలు. అక్కడినుంచి, పగడపు దిబ్బ మధ్యగా పడవలు బయటి సముద్రానికి పోయే దారికి అడ్డేమీ లేదు. ఇసుక మీద ఒక్క పడవా లేదు. తాళ్ళు లేవు, వలలు లేవు, పొలుసులు కూడా లేవు. అంతకుముందు పండగలకు వచ్చినప్పుడు అక్కడ పిరోగులు చూసినవాణ్ణే. ఆ వేళ గుర్తు రాలేదు, లేదా గుర్తు రానివ్వలేదు. నా దగ్గరున్న తీరపు పటం నకలు మీద ఆ చోట గీత గీసి, "ఖాళీ" అని రాసి, ఆఫీసు కారులో వెళ్ళిపోయాను. ఆ ఒడ్డున నా బంధువులు ఉన్నారన్న సంగతి కూడా రాయలేదు. రాయాలన్నది నియమం.

మూడు నెలల్లో అక్కడ ఎర్ర రంగు కర్రలు పాతారు. ర్యాంపు పని మొదలయ్యేదాకా ఆ హద్దులో ఎవరూ పడవ పెట్టకూడదని నోటీసు. ఇదంతా నాకు తెలుసు. దాని అర్థమేమిటో తెలియదు.

తర్వాత పిటాన్‌లో అమ్మ ఇంట్లో రామభజన పెట్టుకున్నాం. అక్క హారతి పళ్ళెం పట్టుకుంది. రెండు అరచేతులకూ గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. ఏమైంది అక్కా అని అడిగాను.

"తాడు కోసింది తమ్ముడూ. ఇప్పుడు రాళ్ళవైపు లాగుతున్నాం గదా."

"నువ్వెందుకు లాగడం?"

"మరెవరు లాగుతారు? మీ బావకు భుజం పోయింది. ఇసుక మీదైతే మేమిద్దరం చాలు. రాళ్ళ మీద నలుగురు కావాలి. నలుగురు ఎక్కడ దొరుకుతారు? మీ బావ పిరోగు అమ్మేస్తానంటున్నాడు. సర్కారు కర్రలు పాతింది, ఏం చేస్తాం."

ఆమె మాటలో నా మీద నింద ఏమీ లేదు. వాకిట్లో బీడీ తాగుతున్న బావ దగ్గరికి వెళ్ళాను. ఆ చోటు గుర్తు పెట్టింది నేనేనని చెప్పాను.

"తెలుసులే" అన్నాడు. "కర్రలు పాతినవాళ్ళు నీ పేరు చెప్పారు."

"అక్కకు చెప్పలేదా?"

"ఎందుకు చెప్పాలి? నీ మీద అంత మురిపెం దానికి. అది చెడగొడితే ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

ఆ రోజు అక్కడ ఒక్క పిరోగు కూడా లేదు గదా బావా అన్నాను. సంజాయిషీగానే అన్నాను. ఆయన బీడీ నేలకు రాసి ఆర్పాడు.

"నువ్వొస్తున్నావని తీసేశాం. దొరల మధ్య మా బావమరిది ఆఫీసరుగా వస్తున్నాడు, ఒడ్డు మీద కంపు వలలు, పాత పిరోగులు ఉంటే ఏం బాగుంటుంది అని అందరికీ చెప్పింది నేనే. తెల్లారకముందే అవతలికి మోశాం. మీ అక్క ఇసుకంతా చీపురుతో ఊడ్చింది. ఇంటికి వియ్యాలవారు వస్తుంటే వాకిలి ఊడవమా? అంతే." బీడీ ముక్క అవతలికి విసిరి, "భోజనానికి వచ్చుంటే అప్పుడే చెప్పి నవ్వించేవాణ్ణి. నా భుజం పోయింది కూడా ఆ పడవలు మోయడంలోనే" అన్నాడు.

సోమవారం పై అధికారి గదిలోకి వెళ్ళి నా ప్రతిపాదన తప్పు అని చెప్పాను. ఆయన ఆంగ్లేయుడు, పాత నావికుడు, అరిచే అలవాటు లేదు. పడవలు లేవని నా కళ్ళతో చూశానా లేదా అని అడిగాడు. చూశాను అన్నాను. మరి తప్పెలా అయిందని అడిగాడు. చెప్పాను. అక్క, బావ అన్న మాటలు వినగానే ఆయన కలం కింద పెట్టాడు. బంధువులున్న సంగతి మీరు అప్పుడు రాయలేదు, ఇప్పుడు వాళ్ళకు మేలు చేసే మార్పు అడుగుతున్నారు, నేను మీ మాట మీద ఏం చేయగలను అన్నాడు. న్యాయమైన ప్రశ్న. నా నోట నిజం చెల్లకుండా చేసుకున్నది నేనే.

వేరే తనిఖీదారును, ఎవరికీ చెప్పకుండా, మామూలు పనిరోజున పంపమని కోరాను. బంధుత్వం దాచిన సంగతి నా సర్వీసు పుస్తకంలో రాయమని కూడా నేనే అడిగాను. రెండూ జరిగాయి. నా సహోద్యోగి లూయి వెళ్ళి, తెల్లవారుజామున ఒకసారి, పోటు తగ్గిన మధ్యాహ్నం ఒకసారి చూసి, ఆ ఇసుక పిరోగులకు అవసరమని రాశాడు. వచ్చి నాతో ఒక్క మాటే అన్నాడు: "ఆ రాళ్ళ మీద పడవ లాగుతున్న ఆడమనిషి మీ అక్క అని నాకెవరూ చెప్పలేదు. నడక చూసి గుర్తుపట్టాను." ఆమెవీ నావీ ఒకే రకం దొడ్డికాళ్ళు.

ఫైలు నింపాదిగా నడిచింది. ఆలోగా బావ పిరోగు అమ్మకుండా ఆపాలి. అందుకని అక్క దగ్గరికి వెళ్ళి అంతా నేనే చెప్పాను. గుడారం కింద బల్ల సంగతి, పక్కింటావిడను చూసి చూడనట్టు ఉన్న సంగతి కూడా. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది. "వంకాయ ఆ రోజు బాగా కుదిరింది" అంది. ఆ తర్వాత, "ఆఫీసరు చేతులు ఎలా ఉన్నాయో చూపించు" అంది. చూపించాను. నొక్కి చూసి, "దూది. రేపు తెల్లారి రా, గట్టిపడతాయి" అంది.

వెళ్ళాను. వారంలో సెలవు దొరికిన ప్రతిరోజూ వెళ్ళాను. మిగతా రోజులకు మా పిటాన్ నుంచి పిన్ని కొడుకులిద్దర్ని వంతులు వేసి పంపాను. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి రాళ్ళ మీద పిరోగు లాగాను. షికారు పడవల్లో పోయేవాళ్ళలో నన్నెరిగినవాళ్ళు ఉండేవారు. కొందరు చెయ్యి ఊపేవారు, నేనూ ఊపేవాణ్ణి. బావ మాత్రం, "కిందికి చూసి లాగు బావమరిదీ, నీ హద్దు దాటి లోతుకు పోతున్నావు" అనేవాడు.

నేను గీత గీసిన చోటుకంటే ఎక్కువ రాయి, ఎక్కువ సిమెంటు పట్టే చోట, రోడ్డుకు దగ్గరగా, ర్యాంపు కట్టాలని చివరికి తేల్చారు. షికారు పడవలవాళ్ళకు నిజానికి అదే అనుకూలమైంది, ఎందుకంటే వాళ్ళకు కావలసింది ఇసుక కాదు, కారు తిప్పుకునే జాగా. ట్రైలర్ల గురించి అంత రాసిన నాకు ఆ మాట మొదటే తట్టి ఉండాలి. మొదటి తరగతికి నా ప్రమోషను ఆగిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక గానీ రాలేదు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు చెప్పగలిగింది ఇంతే. ఒడ్డు మీద మనకు కనిపించేది మనం వెళ్ళినప్పుడు ఉన్నది మాత్రమే. మనం వస్తున్నామని తెలిసి ఎవరు ఏం సర్దారో అడగకుండా రాయకూడదు. తర్వాత సుయాక్ తీరంలో పనిచేసినప్పుడు, "నేను వెళ్ళిన వేళ పడవలు లేవు" అనే రాశాను, అంతకు మించి రాయలేదు.

కర్రలు తీయమని ఉత్తర్వు వచ్చిన రోజున, ఆ పని చేసే కూలీలను పంపవద్దని ఆఫీసును అడిగి, నేనే వెళ్ళాను. అందరూ చూస్తుండగా, పట్టపగలు, యూనిఫారంలోనే ఆ కర్రలు ఒక్కొక్కటీ పీకాను. ఒడ్డు మీద పిరోగు ఉన్న ప్రతి ఇంటికీ వెళ్ళి, ఆ గీత గీసింది నేనని చెప్పి క్షమాపణ అడిగాను. ఒక ఇంట్లో తలుపు వేశారు. మర్నాడు మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను.