నొక్కడం తెలియని చేయి

ఏ వస్తువు చేతికొచ్చినా ఆయన ముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకునేవాడు. చేతిగడియారమైనా, అలారం గడియారమైనా, ఇంట్లో ఆగిపోయిన మిక్సీ అయినా అంతే. కళ్లు మూసుకుని, తల ఎడమకి కాస్త వంచి వినేవాడు. ముప్ఫై ఎనిమిదేళ్లు ఆ వీధి మలుపులో, మెట్ల కిందున్న ఇరుకు కొట్లో కూర్చుని గడియారాలు బాగుచేశాడు. వీధిలో అందరికీ ఆయన గడియారాలాయనే. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే, ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసేవాడు.

"అది చెవిలో ఏం చెబుతుందండీ?" అని కొత్తవాళ్లు నవ్వుతూ అడిగేవారు.

"ఎక్కడ నొప్పో చెబుతుంది," అనేవాడు, నవ్వకుండా.

ఆయన పనికి ఒకటే కట్టుబాటు. బలం పెట్టకూడదు. పళ్లచక్రం తన చోట్లో తనే కూర్చోవాలి. కూర్చోలేదంటే తప్పు చక్రానిది కాదు. తీసి మళ్లీ పెట్టాలి. పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి బొటనవేలితో నొక్కాడు. వెంట్రుకంత ఇరుసు విరిగింది. గురువు తిట్టలేదు. ఆ రోజంతా చేతులు కట్టించి బల్ల ముందు కూర్చోబెట్టాడు. ఆ తర్వాత ఆయన దేన్నీ నొక్కలేదు. తలుపు గడియ కూడా రెండు వేళ్లతో జరిపేవాడు.

నాలుగు నెలల కిందట కుడి చేయి వణకడం మొదలుపెట్టింది. పెద్ద వణుకు కాదు. గ్లాసు పట్టుకుంటే తెలియదు. పట్టకారు పట్టుకుంటే తెలుస్తుంది. ఇంట్లో కళ్లు అలుస్తున్నాయని చెప్పాడు. కొట్లో పట్టీలు మార్చడం, బ్యాటరీలు వేయడం తప్ప వేరే పని ఒప్పుకోవడం మానేశాడు. సొరుగులో ఒక్క గడియారం మిగిలిపోయింది. అది ఒక రైలు డ్రైవరుది, ఆ డ్రైవరు తండ్రి చేతికి కట్టుకున్నది. "స్ప్రింగు దొరకలేదండీ," అని అతనికి ప్రతి వారమూ చెబుతున్నాడు. స్ప్రింగు ఆ సొరుగులోనే, ఆ గడియారం పక్కనే ఉంది.

కూతురు బట్టల షోరూములో పనిచేసేది. రోజంతా నిలబడే పని. తడి మెట్ల మీద జారిపడి చీలమండ ఎముక విరగ్గొట్టుకుంది. ఇక ఎక్కువసేపు నిలబడకూడదన్నారు డాక్టరు. మూడు నెలలు వెతికితే ఒక బీమా కంపెనీలో పని దొరికింది. ఇంట్లోనే కూర్చుని ఫోన్లకి జవాబులు చెప్పాలి. కంప్యూటరు మాత్రం తనదే ఉండాలి. సోమవారం పొద్దున తొమ్మిదింటికి దాని ముందు కూర్చుని కనబడాలి. కనబడకపోతే ఆ చోటు జాబితాలో తర్వాతి మనిషికి వెళ్లిపోతుందని ముందే చెప్పారు.

"విడిభాగాలు తెప్పించు తల్లీ, చవకవుతుంది. నేను బిగిస్తాను," అన్నాడాయన.

భార్య ఆయన వంక అదోలా చూసింది. ఆవిడ రొట్టెల బట్టీలో పిండి కలిపే పని చేస్తుంది. ఇరవై రెండేళ్లుగా తెల్లవారకముందే వెళ్లి మధ్యాహ్నానికి వస్తుంది. ఆయన అసలు సంగతి చెప్పలేదు. తన చేతిని ఆయన ఒక ప్రశ్న అడగదలుచుకున్నాడు. జవాబు ఇంట్లో, తలుపులు వేసుకుని వినాలనుకున్నాడు.

ఆదివారం భోజనాలయ్యాక బల్ల తుడిచి తెల్లగుడ్డ పరిచాడు. డబ్బాలు ఒక్కొక్కటే విప్పాడు. కూతురు కాలు ఇంకో కుర్చీ మీద చాపుకుని కూర్చుని, వచ్చిన చిన్న పుస్తకం చూసి చదువుతుంటే, ఆయన బిగిస్తూ పోయాడు. మరలు ఆయనకి కొత్త కాదు. ఒక గంట బాగానే గడిచింది.

ప్రాసెసరు దగ్గర చేయి తన బుద్ధి చూపించింది. అగ్గిపెట్టె కంటే చిన్న పలక అది. బోర్డు మీది చదరపు గూట్లో వెయ్యికి పైగా బంగారురంగు పిన్నులుంటాయి. వాటి మీద ఈ పలకని ఆనీ ఆనకుండా ఉంచాలి. దించుతుండగా మణికట్టు ఒక్కసారి అదిరింది. పలక మూల దేనికో తగిలి జారింది. 'చిక్' అని ఒక చప్పుడు. అది ఆయనకొక్కడికే వినిపించింది.

"ఏంటి నాన్నా ఆగిపోయావు?"

"ఏం లేదు. తర్వాతేంటి?"

తర్వాత మెమరీ ముక్కలు రెండు. జానెడుకి తక్కువ పొడవు, వేలికంటే పల్చన. వాటిని గాడుల్లో నిలబెట్టి వదిలాడు. కాస్త దిగాయి, ఆగాయి. ఆగాయంటే కూర్చున్నట్టే. ఆయన మనసు అక్కడ లేదు. ఆ చప్పుడు దగ్గరే ఉంది.

నాలుగింటికి మీట నొక్కారు. ఏమీ కాలేదు.

ఆయన మళ్లీ నొక్కి చూశాడు.

"వెనకాల ఇంకో స్విచ్చుందిగా నాన్నా, అది వేశావా?"

వేయలేదు. భార్య పక్కగదిలోంచి వినేసింది. "పొయ్యి వెలిగించకుండా పాలు పొంగలేదని ఏడ్చినట్టుంది," అంది. ముగ్గురూ నవ్వారు. ఆ సాయంత్రానికి ఆ ఇంట్లో నవ్వు అంతే.

స్విచ్చు వేసి మళ్లీ నొక్కారు. ఫ్యాన్లు తిరిగాయి. లోపల నీలం దీపం వెలిగింది. తెర మీద ఏమీ రాలేదు. కాసేపటికి 'సిగ్నల్ లేదు' అని రెండు మాటలు వచ్చి, అవీ పోయాయి. ఆర్పి మళ్లీ వేశారు. తెర తీగ పీకి పెట్టారు. తీగ మార్చారు. ఫ్యాన్లు మాత్రం ఏ తప్పూ ఎరగనట్టు తిరుగుతూనే ఉన్నాయి. ఇంత తిరుగుతూ ఏమీ చేయని యంత్రాన్ని ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆగిన గడియారం ఆగానని చెబుతుంది. ఇది ఆ మాటా చెప్పదు.

భాగాలు అమ్మినతనికి కూతురు ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టింది.

"ఇవాళ సెలవు మేడం. ఎవరు బిగించారు?"

"మా నాన్న."

"ప్రాసెసరు కింద పిన్నులేమైనా వంగాయేమో చూడండి. చేయి కొంచెం అటూ ఇటూ అయినా వంగిపోతాయవి. వంగితే బోర్డు పోయినట్టే. రేపు తీసుకురండి, చూద్దాం."

"రేపు ఎన్నింటికి తెరుస్తారు?"

"పదకొండింటికి."

కూతురు ఫోను పెట్టేసింది. పదకొండుకీ తొమ్మిదికీ మధ్య ఏముందో ఎవరూ చెప్పక్కర్లేదు. చేయి కొంచెం అటూ ఇటూ. ఆ మాట అన్నవాడు పక్కనుండి చూసినట్టే అన్నాడు.

"పోనీలే నాన్నా," అంది కూతురు. "నువ్వేం చేస్తావు."

తిట్టినా బాగుండేది.

"మీరిద్దరూ కాసేపు అవతలికి వెళ్లండి," అన్నాడు.

తలుపు దగ్గరగా వేశాడు. కరెంటు తీగ పీకేశాడు. ఫ్యాను విప్పి, దాని కింద వేడి లాగడానికి రాసిన బూడిదరంగు ముద్దని గుడ్డతో తుడిచి, గూటి కొక్కెం ఎత్తాడు. పలక తీయడానికి మూడుసార్లు చేయి చాపి మూడుసార్లూ వెనక్కి తీసుకున్నాడు. నాలుగోసారి తీశాడు. భూతద్దం కంటికి తగిలించుకుని, ఎడమ చేయి బల్లకి ఆనించి, కుడిచేత్తో చిన్న టార్చి పట్టుకుని వంగాడు.

పిన్నులన్నీ ఊగుతున్నాయి.

గాలికి గడ్డి ఊగినట్టు వరసలు వరసలుగా ఒరుగుతున్నాయి. ఈ మూల వంగినవి చూసేలోపు అవి లేస్తున్నాయి, ఆ మూలవి వంగుతున్నాయి. కొంతసేపటికి ఆయనకి అర్థమైంది. కదులుతున్నది పిన్నులు కాదు, వెలుగు. నీడలు అటూ ఇటూ పడుతున్నాయి. ఏది వంగిందో ఏది వంగలేదో ఈ వెలుగులో తెలియదు. ఈ చేత్తో తెలియదు. రెండో చేయి అడ్డం పెట్టాడు. మణికట్టు గుంజి పట్టుకున్నాడు. పట్టుకున్నకొద్దీ ఎక్కువైంది. మూసిన తలుపు అవతల కూతురు కర్ర ఊతంతో నాలుగడుగులు వేయడం, ఆగడం వినిపించింది.

భార్య తలుపు తోసుకుని లోపలికొచ్చింది. ఆయన చేతిలోంచి టార్చి తీసుకుంది.

"ఎక్కడ చూపించమంటారు?"

ఆయన కుడిచేయి ఒళ్లోకి లాక్కున్నాడు.

"ఎప్పట్నుంచి?"

"ఏది?"

"ఏదో నాకు తెలుసు. ఎప్పట్నుంచని అడుగుతున్నాను."

"నాలుగు నెలలైంది."

"సాసరు మానేసినప్పట్నుంచి," అంది ఆమె. "పాతికేళ్లు కప్పూ సాసరూ లేందే టీ తాగని మనిషి, గ్లాసులో పొయ్యమన్నారు. నేను మొద్దుననుకున్నారా? మీరే చెబుతారులే అని చూస్తున్నాను. ఇంతకీ ఎక్కడ చూపించాలి?"

"ఆ మూల."

ఆవిడ చేతిలో టార్చి మేకు కొట్టినట్టు నిలబడింది. నీడలు ఆగిపోయాయి. ఆయన వరసలు ఒక్కొక్కటే చూశాడు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. ఆ మూల గూటి అంచు మీద గోటిగీతంత గీత ఉంది. పిన్నులన్నీ నిటారుగా ఉన్నాయి.

"ఏమైనా విరిగాయా?"

"లేదు."

"మరి ఆ మొహం ఎందుకలా పెట్టారు?"

"ఇది కాకపోతే ఇంకేంటో నాకు తెలీదే," అన్నాడు.

పలకని మళ్లీ పెట్టేటప్పుడు ఆవిడ ఆయన మణికట్టు కింద తన అరచేయి ఉంచింది. దాన్ని ఆనుకుని చేయి దిగింది. చప్పుడు రాలేదు. గొట్టంలో మిగిలిన బూడిదరంగు ముద్దని పలక మీదకి పిండి రాస్తుంటే, "మా బట్టీలో కేకు మీద క్రీము ఇంతకంటే పొదుపుగా పెడతారు," అంది ఆవిడ. కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపయిందో తెలియదు. నాన్న చేయి వంక చూసింది. వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

"దీనికి గొంతనేది లేదా?" అన్నాడాయన. "ఎక్కడ నొప్పో చెప్పని యంత్రం ఉంటుందా?"

కూతురు పుస్తకం తిరగేసింది. మరలున్న పొట్లం బల్ల మీద బోర్లించింది. వాటి మధ్య రెండు తీగలున్న నల్ల బొత్తాం ఒకటి ఉంది. "స్పీకరట నాన్నా. లోపల ఏదైనా తేడా ఉంటే కూత వేస్తుందట. ఇదెందుకులే అని మనమే పక్కన పడేశాం."

దాన్ని తగిలించి, ఫ్యానూ కరెంటు తీగా మళ్లీ పెట్టి మీట నొక్కారు. ఆయన పెట్టె పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెవి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు.

"పొడుగ్గా ఒకటి," అన్నాడు. "ఆగింది. మళ్లీ పొడుగ్గా ఒకటి. మళ్లీ అదే. అలాగే కూస్తోంది."

కూతురి వేలు పేజీ మీద కిందకి జరిగింది. "మెమరీ. సరిగ్గా కూర్చోలేదట."

"కూర్చుంది. నేనే పెట్టాను."

"రెండు చివర్లా గట్టిగా నొక్కాలని రాసుంది. 'టక్' అనేదాకా."

"నొక్కకూడదు."

"నొక్కమనే రాసుంది నాన్నా."

ఆయన తీగ పీకాడు. మొదటి ముక్క మీద రెండు బొటనవేళ్లూ ఆనించాడు. అది కింది దాకా దిగలేదని వేళ్లకిప్పుడు తెలుస్తోంది. ఇంకో గోరంత ఉంది. నొక్కితే చాలు. వేళ్లు బిగుసుకున్నాయి. బలం భుజం దాకా వచ్చి ఆగిపోయింది. ముందుకు రానంది. విరిగిన ఇరుసు కళ్ల ముందుకొచ్చింది. నుదుటి చెమట బోర్డు మీద పడుతుందేమోనని వెనక్కి జరిగాడు.

"నావల్ల కాదు," అన్నాడు.

"జరగండి," అంది భార్య.

చేతులు పైటకి తుడుచుకుంది. ఇరవై రెండేళ్లు పిండి అణిచిన బొటనవేళ్లు అవి. నొక్కింది. బోర్డు కిందకి వంగడం ఆయన చూశాడు. పైప్రాణాలు పైనే పోయాయి. కళ్లు మూసుకున్నాడు.

టక్.

రెండో చివర, టక్. రెండో ముక్కకి ఇంకో రెండు.

తీగ పెట్టి మీట నొక్కారు. ఫ్యాన్లు తిరిగాయి. ఒక్కటే కూత, పొట్టిది, పిట్ట ముక్కుతో పొడిచినంత. తెర మీద తెల్లటి అక్షరాలు బారులు తీరాయి.

కూతురు రెండు చేతులతో మొహం కప్పుకుంది. కొంచెంసేపటికి తీసి, "అమ్మా, అంత బలంగా నొక్కావు, విరుగుతుందని నీకు భయం వెయ్యలేదా?" అంది.

"అది విరిగే వస్తువని నాకేం తెలుసు?"

ఆయన నేల మీదే కూర్చుండిపోయాడు. నాలుగు నెలలుగా ఏ చేతికి భయపడ్డాడో అది ఇవాళ ఏ తప్పూ చేయలేదు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఏ చేతిని చూసుకుని మురిసిపోయాడో, తప్పు ఆ చేతిది. రెండూ ఒకే చేయి. అది మోకాలి మీద ఉంది. ఇంకా వణుకుతూనే ఉంది. దాన్ని చూస్తే భయమూ తగ్గలేదు.

ఏడున్నరకి కంపెనీవాళ్ల ప్రోగ్రాం ఎక్కింది. భార్య టీ పెట్టి గ్లాసు అందుకోబోతే, "కప్పులో పొయ్యి," అన్నాడు. తాగుతున్నంతసేపూ సాసరు మీద కప్పు సన్నగా మోగింది. ముగ్గురూ విన్నారు.

"రేపు మధ్యాహ్నం నేను రాగానే డాక్టరు దగ్గరికి వెళ్దాం," అంది భార్య.

"సరే," అన్నాడు.

మర్నాడు తొమ్మిదింటికి కూతురు చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని బల్ల ముందు కూర్చుంది. ఆయన గుమ్మం బయట నిలబడి, "నమస్కారమండీ, చెప్పండి," అనే మొదటి మాట విన్నాడు. అప్పుడు చెప్పులేసుకున్నాడు. కొట్టు తీసి, సొరుగులోంచి రైలు డ్రైవరు గడియారమూ దాని స్ప్రింగూ తీసి కాగితంలో చుట్టాడు. స్టేషను వెనక క్వార్టర్ల దాకా నడిచి తలుపు తట్టాడు.

"దొరికిందా స్ప్రింగు?" అన్నాడు డ్రైవరు, లుంగీ సర్దుకుంటూ.

"మొదట్నుంచీ ఉందండీ. అబద్ధం చెప్పాను," అన్నాడాయన. "దీన్ని వేరే ఎవరికైనా ఇవ్వండి."

పొట్లాన్ని కుడిచేత్తోనే అందించాడు. ఆ చేయి ఎంత వణికితే అంత వణకనిచ్చాడు.