మిథైల్ ఆరెంజ్, ఓబులేసు దగ్గు

నిన్న పొద్దున ఫోన్‌లో ఓబులేసు పేరు కనబడింది. అలవాటుగా "ఏంరా, అప్పుడే లేచినావా?" అన్నాను.

అవతల వాడు కాదు. వాడి కొడుకు.

"మామా, నాయన పాయె."

"యాడికి?" అని అడిగాను. నిజంగానే అడిగాను. బుర్రకు ఎక్కలేదు.

చేను చూసుకొని వచ్చి, అరుగు మీద కూర్చొని మంచినీళ్లు అడిగాడట. చెంబు తెచ్చేలోపల అంతా అయిపోయిందట.

మొన్న ఆదివారం ఆళ్లగడ్డ బస్టాండులో నాతో టీ తాగిన మనిషి! షాక్ నుంచి ఇంకా బయటికి రాలేదు. టైపింగ్ తప్పులుంటే క్షమించండి.

ఒక విషయం రాయాలి. ఇప్పటిదాకా మీలో ఎవరికీ చెప్పలేదు.

నాకు రంగులు సరిగ్గా తెలియవు. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ అన్నీ కలగాపులగం. పుట్టుకతోనే అంతే.

డెబ్బైల చివర్లో నంద్యాలలో బీఎస్సీ. ఇద్దరం ఆళ్లగడ్డ నుంచి ఫస్ట్ బస్సులో పోయేవాళ్లం. థియరీలో నేను ఫస్ట్. ల్యాబ్‌లో సున్నా.

పైన బురెట్‌లో, అంటే కింద కొళాయి ఉన్న గాజు గొట్టంలో, యాసిడ్. కింద ఫ్లాస్కులో సోడా ద్రావణం, అందులో రెండు చుక్కల మిథైల్ ఆరెంజ్. యాసిడ్ కొంచెం కొంచెంగా వదులుతుంటే, ఏదో ఒక చుక్కకు పసుపు కాస్తా ఎర్రబడుతుంది. అక్కడ ఆపాలి. ఒక్క చుక్క దాటినా లెక్క తప్పు. ఆ ఎరుపు క్లాసులో అందరికీ కనబడేది, నాకు తప్ప.

మొదట కనిపెట్టింది ఓబులేసే.

"ఏందిరా, ఎర్రగయ్యి ఎంతసేపాయె, ఇంకా ఇడుస్తాండావ్? కనపడల్యా?"

లేదన్నాను. ఏడ్చాను కూడా. ప్రాక్టికల్ పోతే డిగ్రీ లేదు, మాస్టర్ ఉద్యోగం లేదు. మా నాయన అప్పటికే మావాడు అయివారు అవుతాడని ఊరంతా చెప్పేశాడు.

"ఏడ్సొద్దులేప్పా. నేను దగ్గుతా. దగ్గు ఇనపడతానే బురెట్ మూసెయ్."

యాసిడ్ పొగకు ల్యాబ్‌లో అందరూ దగ్గేవాళ్లే, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఏడాదంతా రిహార్సల్స్! ఒకసారి వాడికి నిజంగానే జలుబు చేసింది. ఆ రోజు నా రీడింగ్స్ చూసి డిమాన్‌స్ట్రేటర్ సార్ నోరెళ్లబెట్టాడు.

ఫైనల్ ప్రాక్టికల్ రోజు వాడిది నా ఎదురు బల్ల. మధ్యలో సీసాల అర అడ్డం. నా ఫ్లాస్కు కనబడాలని మెల్లగా రెండు సీసాలు పక్కకు జరిపాడు.

మూడుసార్లు చేశాను. మూడుసార్లూ టైముకు దగ్గాడు. రీడింగులు అచ్చుగుద్దినట్టు ఒకటే. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నా వీపు తట్టాడు.

నేను పాస్. ఓబులేసు ఫెయిల్.

"నా యాసిడ్ చెడిపోయిందిలేప్పా" అన్నాడు, అంతే. నేను నమ్మలేదు, నిర్లక్ష్యంగా చుక్క ఎక్కువ వదిలి ఉంటాడనుకున్నాను. వాళ్ల నాయన "సాల్లే సదువు" అని సేద్యంలోకి దింపాడు. సప్లిమెంటరీ కూడా రాయనివ్వలేదు.

నేను బీఎడ్ చేసి, ఎనభైల్లో ఆళ్లగడ్డలోనే సైన్స్ మాస్టర్‌నయ్యాను. ప్రయోగం చేసి చూపించి "ఏం రంగొచ్చింది పిల్లలూ?" అని అడిగేవాణ్ణి. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినాయన భలే పద్ధతి అని మెచ్చుకున్నాడు. ఓబులేసుకు చెబితే పడీ పడీ నవ్వాడు.

నిన్న మధ్యాహ్నం వాడి పక్కనే కూర్చున్నాను. వాడి భార్య ఏడుస్తూ నాతో ఒక మాట చెప్పింది.

"మీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్యాడన్నా. పరీచ్చలో మీ గ్లాసు సూస్తా సూస్తా ఆయప్ప గ్లాసులో చుక్క దాటిపోయిందంట. మూడు మార్లూ."



నలభై ఏళ్లు దాటింది. ఒక్కసారి కూడా బయటపడలేదు. ఆదివారం టీ తాగుతూ కూడా "అప్పుడు కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకొని ఉంటేనా..." అని వాడికే క్లాసు పీకాను. నవ్వి, బిస్కెట్ ముంచుకొని తిన్నాడు.

ఇంకో పాపం కూడా చేశాను. ప్రతి బ్యాచ్‌కూ చెప్పేవాణ్ణి: "మా ఫ్రెండ్ ఒకడు నిర్లక్ష్యంగా ఒక్క చుక్క ఎక్కువ వదిలాడు, చదువే పోయింది."

నా దగ్గర చదివిన పిల్లలూ, ఇది చదువుతుంటే ఆ మాట మరిచిపోండి. మీ సారు తెలియక అబద్ధం చెప్పాడు. ఆ చుక్క పడే వేళకు వాడు నా ఫ్లాస్కు చూస్తున్నాడు.

ఓబులేసూ, పోయిరాప్పా.

ఆడన్నా నీ పని నువ్వు చూసుకో. నెమ్మదిగా, చల్లగా ఉండు.