విరిచి చూపిన పసుపు కొమ్ము

చోడవరం సంతకు ఒకామె పదకొండేళ్లుగా పసుపు తెస్తోంది. మాడుగుల అవతలి కొండల మనిషి. అడగకుండానే ఒక కొమ్ము విరిచి మన చేతిలో పెడుతుంది. "సూడమ్మా, కూర పొయ్యి మీద పుట్టదు, కొండ మీద పుడతాది" అంటుంది. ఆ పసుపు రెండు వానాకాలాలు నేలలో ఊరినది.

పోయిన వేసవిలో ఆమె పక్కనే ఒక వ్యాపారి కొట్టు పెట్టాడు. "అది మట్టి రంగు పసుపమ్మా, కూర నల్లబడిపోద్ది" అని అరిచాడు. ఆమె రెండు గ్లాసుల నీళ్లలో తన కొమ్మొకటి, అతనిదొకటి వేసింది. అతని కొమ్ము పూత కరిగి నీళ్లు చిక్కటి పసుపయ్యాయి. ఆమె గ్లాసు తేటగానే ఉంది. పన్నెండు మందిమి చూశాం. అయినా పదకొండు మంది అతని దగ్గరే కొన్నారు, మెరుస్తోందట! రెండేళ్ల పంట మూట కట్టుకుని ఆమె బస్సెక్కింది.

తర్వాతి సంతకు నేను పెందలాడే వెళ్లాను. ఆ వ్యాపారే ఆమె ముందు కూర్చుని రెండు కిలోలు తూయించుకుంటున్నాడు.

"ఏటి బాబూ, కూర నల్లబడిపోదా?" అన్నాను.

"ఇది మా ఇంట్లోకి మామ్మగారూ" అన్నాడు, సిగ్గు లేకుండా.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మాత్రం ఎప్పటిలాగే కొమ్ము విరిచి అతని చేతిలో పెట్టింది.

"సూడు బాబూ."