బండల మీద మొహాలు

పోయిన నెల ఒక సోమవారం పొద్దున్నే మాస్టారి కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, బాపు పోయిండు. దుకాణంల స్టూలు మీద కూసున్నోడు కూసున్నట్టే..." అన్నాడు. నేను మాదాపూర్ వెళ్ళే ఆఫీసు బస్సులో ఉన్నాను. తరవాతి స్టాపు దాకా తలుపు తియ్యరు. అంతసేపూ కిటికీకి మొహం ఆనించి ఏడ్చాను.

మెట్టుగూడలో అందరికీ ఆయన పెయింటర్ సార్. రైల్వే ఉద్యోగానికి విజయనగరం నుంచి వచ్చిన మావాళ్ళకి మాత్రం మాస్టారు. పోయినవాళ్ళ చిన్న ఫోటో తెస్తే పెద్ద రంగుల బొమ్మ వేసిచ్చేవారు. దినాలకి దండ వెయ్యాలి కాబట్టి గడువెప్పుడూ పది రోజుల లోపే. అందుకే దుకాణం గోడ మీద ఆరు భంగిమలు గీసి, నంబర్లు వేసి పెట్టారు. ఇంటివాళ్ళు నంబరు చెబితే కోటు, చీర, చేతులు నేను వేసేదాన్ని. మొహం ఆయన వేసేవారు. ఆయన దగ్గర పనిచేసిన తొమ్మిదేళ్ళలో ఒక్క మొహం ముట్టుకోనిస్తే ఒట్టు!

ఈ పద్ధతి తనది కాదని ఆయనే చెప్పేవారు. పదిహేడో శతాబ్దంలో హాలండ్ నుంచి లండన్ వెళ్ళి రాజుల బొమ్మలు వేసిన ఒకాయన కథ పాత పుస్తకాల షాపులో దొరికిందట. ఆయనకీ నంబర్ల భంగిమలే, ఆయన దగ్గరా బట్టలు వేసేది శిష్యులే.

"జెర ఆలోచించు బిడ్డా," అనేవారు బ్రష్షు తుడుస్తూ. "ఆయన లండన్ పోయింది చెట్లు, కొండలు ఎయ్యాలని. ఆడ చెట్లు ఎవడడిగిండు? అందరికి మొఖాలే కావాలె. ఒక రాజు తల తీసేసిన్రు, తీసినోడు గద్దెనెక్కిండు, మళ్ల ఆ రాజు కొడుకే వచ్చిండు. అందరి మొఖాలు ఈయనే ఏసిండు. ఆఖరికి బొమ్మలేసే స్టాండు ముంగటనే పోయిండు. ఆ మొఖాలల్లకెళ్లి బయటికి రాలే."

తన గురించే అనేవారు. నాకు తెలుసు.

మాస్టారు వెయ్యాలనుకున్నవి ఊరి చివరి బొల్లారం బండలు. చిన్నప్పుడు వాళ్ళ నాయన సైకిల్ మీద తీసుకెళ్ళి చూపించాడట, ఒకదాని మీద ఒకటి, పడకుండా నిలబడ్డ బండలు. వాటి కోసం ఒక పెద్ద కాన్వాసు తయారుచేసుకుని బొగ్గుతో గీతలు గీసుకునేవారు. రంగు కలిపేలోపు ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడేవారు, కళ్ళు వాచిపోయి, చేతిలో చిన్న ఫోటోతో. "సార్, ఎనిమిది రోజులే ఉన్నయి." ఇంకో కాన్వాసుకి పూత పూసి ఆరబెట్టడానికే వారం పడుతుంది. ఏం చేస్తారు? ఆ గీతల మీదే గోధుమరంగు పూయించి, వచ్చినవాళ్ళ బొమ్మ మొదలుపెట్టేవారు. పూసేది నేనే. ఇలా ఎన్నిసార్లో! మెట్టుగూడ ఇళ్ళలో ఎందరో తాతల బొమ్మల కింద బొల్లారం బండలున్నాయి.

ఒకసారి ఒళ్ళు మండి అరిచాను. "ఒక్కళ్ళకైనా కుదరదని చెప్పండి మాస్టారూ!"

"ఏడ్సుకుంట వచ్చినోళ్లను వాపస్ పంపి బండలేస్తే, నాకు చెయ్యి ఆడతదా?" అన్నారు.

చేతులంటే గుర్తొచ్చింది. రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన ఒకాయనకి మూడో నంబరు, చేతులు ఒళ్ళో పెట్టుకున్న భంగిమ. పది వేళ్ళూ శ్రద్ధగా వేశాను. ఆయన భార్య చూసి, "మా ఆయనకు రెండు వేళ్ళు లేవు బిడ్డా, మిషన్ల పోయినయి" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. మాస్టారు తిట్టలేదు. "నంబర్లు చూసి ఏస్తే గిట్లనే అయితది" అని, ఏ వేళ్ళో ఆవిడనే అడిగి దిద్దారు.

తరవాత ఊరంతా సాఫ్ట్‌వేర్ గాలి వీచింది. నేనూ కంప్యూటర్ నేర్చుకుని కంపెనీలో చేరాను. పని ఏమిటయ్యా అంటే, ఉద్యోగుల ఫోటోల్లో మొహాలు కత్తిరించి కోట్లకి అతికించడం. చెబితే మాస్టారు పడీ పడీ నవ్వారు. "గిది సుత నంబర్ల పనే గదనే!" నాకు మాత్రం నవ్వు రాలేదు. అప్పటికే అపార్ట్‌మెంట్ల కోసం బొల్లారం బండలు పేల్చడం షురూ అయింది. "సగం పాయె బిడ్డా, జల్ది ఎయ్యాలె" అనేవారు, పోయినసారి కలిసినప్పుడు కూడా.

ఆ సోమవారం నేను వెళ్ళేసరికి స్టాండు మీద బండల గీతలున్నాయి. స్టూలు కింద బొగ్గు ముక్క పడి ఉంది.

"అక్కా, దినాలకు బాపు బొమ్మ నువ్వే ఎయ్యాలె. నాలుగో నంబర్, కోటు," అన్నాడు కొడుకు. "కాన్వాస్ గిదొక్కటే ఉంది."

గోధుమరంగు కలిపాను. తొమ్మిదేళ్ళు చేసిన పనే, చెయ్యి లేవలేదు. మాస్టారి భార్య వచ్చి పక్కన నిలబడింది. "ఆ గీతలు చెరపకు బిడ్డా. గవన్న ఉండనీ."

చెరపలేదు. కోటూ వెయ్యలేదు. రంగు మరకల చొక్కాతో, ఆ బండల ముందు స్టూలు మీద కూర్చున్నట్టే వేశాను. మొదటిసారి ఒక మొహం వేశాను. ఏడుస్తూనే వేశాను.

పదకొండో రోజు దండ వేశారు. అచ్చం సారే అన్నారు అందరూ. అప్పుడు గానీ నా తప్పు నాకు కనపడలేదు. అలవాటు కొద్దీ, గోడ మీది ఆరు భంగిమల్లాగే ఆయన మొహమూ మనవైపే తిప్పి వేశాను. దండలోంచి మమ్మల్నే చూస్తున్నారు మాస్టారు. బండలు ఆయన వీపు వెనక ఉన్నాయి.