బంతి బరువు తెలిసిన చెయ్యి

మా ఊరి బాల్ బ్యాడ్మింటన్ క్లబ్బుకు ఎన్నో ఏళ్లు పెద్దదిక్కుగా ఉన్న టైలర్ గారు, రెండో పంట దాళ్వా కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, కాకినాడ ఆసుపత్రిలో కన్నుమూశారు. కబురు ఉదయం ఏడింటికి అందింది. ఎనిమిదింటికి నేను మైదానానికి వెళ్లేసరికి ఎవరో నెట్టు విప్పి, చక్కగా మడిచి, ఆయన కుట్టుమిషను మీద పెట్టి ఉంచారు. చేయవలసిన పనులు కాగితం మీద వరుసగా రాసుకోనిదే నాకు ఏదీ సాగదు. ఆ రోజూ రాసుకున్నాను: షామియానా, కుర్చీలు, బయటి ఊళ్ల జట్లకు ఫోన్లు, దుకాణంలో కుట్టు పూర్తికాని బట్టలు ఎవరివి వారికి చేర్చడం. ఐదో అంకె వేశాక చెయ్యి ఆగిపోయింది. ఆ అంకె ఎదుట రాయవలసింది ఆయన గురించిన ఈ మాటలేనని తర్వాత అర్థమైంది.

మా ఊరు రావులపాలేనికి కొంత దూరంలో, కాలువ గట్టును ఆనుకుని ఉంటుంది. మైదానానికి ఒక అంచున ఆయన దుకాణం. మిగిలిన మూడు పక్కలా, రోడ్డు మీదా కోతల కాలంలో ధాన్యం ఆరబోసి ఉంటుంది. మా ఆటలో పక్షానికి ఐదుగురు. బంతి ఊలుతో చుట్టినది, పసుపు రంగుది, నిమ్మకాయకన్నా కాస్త పెద్దది. పోగులు లేచిన బంతిని ఆయన సన్నని సూదితో మళ్లీ బిగించేవారు. చెమ్మపట్టిన బంతుల్ని రేకు డబ్బాలో వేసి, బొగ్గుల ఇస్త్రీపెట్టె పక్కన ఆరబెట్టేవారు. ఊలు గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. దాన్ని అరచేతితో కొలవడం మాత్రం ఆయన ఒక్కరికే తెలుసు.

సాయంత్రం ఆట మొదలయ్యే ముందు, ఆరుబయట ఉంచిన ఒక బంతిని ఎడమ అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు పైకి ఎగరేసేవారు. మామూలుగా ఉంటే ఆటగాళ్ల వైపు విసిరేవారు. లేకపోతే, "బరువెక్కిందండీ" అనేవారు. అంటే వాన రాబోతోందని. ఆ మాట వినగానే ఆట లేదు. బ్యాట్లు గోడకు ఆనించి, అందరూ చెక్కలతో ధాన్యం కుప్పలుగా నెట్టి టార్పాలిన్ బరకాలు కప్పాలి. ధాన్యం ఎవరిదని అడగకూడదు. చెయ్యి వేయనివారికి మర్నాడు బ్యాటు ఉండదు. అది తన కొడుకైనా సరే. ఒకసారి నిజంగానే కొడుకు విషయంలోనే ఈ నియమం అమలైంది.

నేను క్లబ్బుకు వచ్చింది ఇరవై రెండేళ్ల వయసులో. పదో తరగతితో చదువు ఆగింది. కాలిపోయిన మోటార్లు విప్పి విప్పి వైండింగు పని నేర్చుకున్నాను. ఆట నాకు పట్టుబడలేదు. ఆయన వారం రోజులు చూసి, "మీకు బ్యాటుకన్నా పెన్ను బాగా తిరుగుతుందండీ" అని స్కోరు పుస్తకం చేతికిచ్చారు. చిన్నపిల్లల్ని కూడా మీరు అనే పిలిచేవారు. నా చదువు గురించి నేనే సిగ్గుపడుతూ చెప్పినప్పుడు, "నేనూ పాతవి విప్పి చూసే కుట్టు నేర్చుకున్నానండీ. విప్పినవాడికి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. కొన్నేళ్లకు క్లబ్బు కార్యదర్శిని చేశారు. టోర్నమెంటు నిబంధనలన్నీ నేనే రాశాను. వాటిలో ఒకటి: ఏ కారణం చేతనైనా ఆగిపోయిన గేమ్‌ను మర్నాడు సున్నా నుంచి ఆడాలి.

ఆ నిబంధన మా మీదే అమలైన సాయంత్రం గురించి చెప్పకుండా ఆయన గురించి చెప్పలేను.

ఫైనల్లో మా ప్రత్యర్థులు నరసాపురం వైపు నుంచి వచ్చిన జట్టు. మా క్లబ్బు అప్పటికి ఒక్కసారి కూడా కప్పు గెలవలేదు. మూడో గేమ్‌లో మావాళ్లు ముప్ఫై మూడు, వాళ్లు ఇరవై ఎనిమిది. ముప్ఫై ఐదుకు గెలుపు. బంతి పోగులు లేవడంతో అంపైరు కొత్తది అడిగారు. టైలర్ గారు బల్ల మీద గాలికి ఉన్న బంతిని తీసి, అలవాటుగా రెండుసార్లు ఎగరేశారు. మూడోసారి కూడా ఎగరేశారు. ఇవ్వలేదు.

"బంతి ఇలా ఇవ్వండి టైలర్ గారూ."

"బరువెక్కిందండీ. ఆపించండి."

పడమట ఒక మబ్బు తప్ప ఆకాశమంతా తేటగానే ఉంది. రోడ్డు మీద ఆరబోసినది, భర్త పోయాక ఒంటరిగా కౌలు చేసుకుంటున్న ఒక ఆవిడ ధాన్యం. ఆ పంటకు ఆవిడ చేతికొచ్చిన గింజంతా అక్కడే ఉంది.

"రెండు పాయింట్లండీ బాబూ! రెండు నిమిషాలు!" అని జనం అరిచారు.

"ఇదేమన్నా జాకెట్టనుకున్నారేంటండీ, ఇంకో అంగుళం వదిలి కుట్టడానికి?" అని వెనక నుంచి ఎవరో అంటే నవ్వులు లేచాయి.

ఆయనా నవ్వారు. "కప్పు తడిస్తే తుడుచుకుంటామండీ. ధాన్యం తడిస్తే ఏం చేస్తాం?" అని, బంతిని జేబులో వేసుకుని రోడ్డు వైపు నడిచారు. మా కెప్టెన్ నా వైపు చూశాడు. నేను నిబంధనల పుస్తకం వైపు చూశాను. నేను తల ఎత్తేసరికి అతను బ్యాటు కింద పెట్టి ఆయన వెనక పరుగెడుతున్నాడు. అవతలి జట్టు కెప్టెన్ తన బ్యాటు పక్కన పెట్టి, "బరకాలెక్కడున్నాయండీ?" అని అడిగాడు. రెండు రంగుల జెర్సీలు కలిసి ధాన్యం నెట్టాయి.

వాన రాలేదు. మబ్బు సముద్రం వైపు పోయింది. అప్పటికి చీకటి పడింది. మర్నాడు నా నిబంధన ప్రకారం సున్నా నుంచి ఆడి ఓడిపోయాం.

ఆ ఆట చూడటానికి కౌలు చేసే ఆవిడ కూడా వచ్చి, ముందు వరుసలో కూర్చుని మావాళ్ల కోసం గొంతు పోయేలా అరిచారు. చివర్లో టైలర్ గారిని పట్టుకుని నిలదీశారు. "ఆ రెండు పాయింట్లూ కొట్టేసి రావచ్చు కదండీ! నా ధాన్యం లేచి పరుగెడుతుందా ఏంటి?"

"అది పరుగెత్తలేదు కదమ్మా. అందుకే మేం పరుగెత్తాం."

నాకు మాత్రం కోపం తగ్గలేదు. ఆయన అరచెయ్యి ఎన్నిసార్లు తప్పుతుందో తేల్చాలని ఒక నోటుబుక్కు మొదలుపెట్టాను. తేదీ, ఆయన చెప్పింది, జరిగింది: మూడు గడులు. పదిరోజులకే ఆయన కంట పడింది.

"ఏంటండీ ఇది? నా తప్పులు పట్టడానికా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "అవునండీ."

"మంచిదే. గీతలే వంకరపోతున్నాయి" అని తన కొలబద్ద నా చేతిలో పెట్టారు. "అలాగే ఇంకో గడి గీయండి. ఏ రోజు ఎవరెవరు వచ్చి చెయ్యి వేశారో, ఆ పేర్లు రాయండి."

నాలుగో గడి ఎందుకో అప్పుడు బోధపడలేదు. తప్పిన రోజుల్ని ఆయనే వచ్చి గుర్తుచేసేవారు: "నిన్నటిది తప్పిందండీ, రాశారా?" మొన్న ఆ పుస్తకాలన్నీ తిరగేశాను. నేను అనుకున్నదానికన్నా తప్పినవే ఎక్కువ ఉన్నాయి. ఊళ్లో ఒక్కరికీ అవి గుర్తులేవు. కానీ నాలుగో గడి చూడండి. మొదటి పుస్తకంలో ధాన్యం ఉన్నవాళ్ల పేర్లే కనిపిస్తాయి. రెండో పుస్తకంలో సెంటు భూమి లేనివాళ్లు వస్తారు: ఆటో నడిపే అతను, పాస్టరు గారి ఇద్దరబ్బాయిలు, బ్యాంకు గుమస్తా, ఆ తర్వాత మా అమ్మాయిల జట్టు మొత్తం. చివరి పుస్తకానికి వచ్చేసరికి పేర్లు పట్టక గడి వెడల్పు చేయవలసి వచ్చింది. గాలివానకు చర్చి రేకులు లేచిపోయినప్పుడు ముందుగా నిచ్చెనలెక్కింది ఈ పేర్లే. కాలువ గట్టు జారినప్పుడు ఇసుక మూటలు మోసిందీ ఇవే. మా క్లబ్బు ఏమి సాధించిందని బయటివారు అడిగితే బీరువాలోని కప్పులు చూపిస్తాం. చూపించవలసింది ఈ గడి.

ఒక విషయం గర్వంగా చేర్చాలి. ఓడిన మరుసటి ఏడు నరసాపురం వైపు జట్టు మళ్లీ వచ్చింది. బ్యాట్ల సంచులతో పాటు వ్యాను మీద నాలుగు బరకాలు కట్టుకుని మరీ వచ్చింది. ఆ ఏడు కప్పు మేం గెలిచాం. టైలర్ గారు కప్పును కాదు, ఆ బరకాల అంచుల కుట్టును చాలాసేపు పరిశీలించి, "ఎవరో పనిమంతుడే కుట్టాడండీ" అన్నారు.

ఆయన పోయిన నాలుగో రోజు సాయంత్రం మళ్లీ నెట్టు కట్టాం. ఆట ఆపవద్దని ఆసుపత్రి మంచం మీద నుంచే చెప్పి పంపారు. అమ్మాయిల జట్టు కెప్టెన్ దుకాణం గుమ్మం దగ్గర ఉన్న బంతిని తెచ్చి నా అరచేతిలో పెట్టింది. అందరూ నా వైపు చూస్తున్నారు. రోడ్డు పొడవునా ధాన్యం ఆరబోసి ఉంది.

రెండుసార్లు ఎగరేశాను. ఇన్నేళ్లు ఆయన పక్కన కూర్చుని రాసినవాణ్ణి. నా చేతికి అది ఒట్టి బంతిగానే తగిలింది.

"బరువుగా ఉందాండీ?"

"నాకు తెలియడం లేదమ్మా."

"తెలియకపోతే ధాన్యం ఎత్తేద్దామండి" అంది ఆ అమ్మాయి. నేను జవాబు చెప్పేలోగానే బ్యాట్లు గోడకు చేరాయి.

చెక్కల చప్పుడు, పరుగులు, "అంచు లాగండి, అంచు లాగండి" అనే కేకలు. నేను బంతిని కింద పెట్టడానికి చోటు దొరక్క, అప్పుడే కప్పిన కుప్ప మీద పెట్టి బరకం కొస పట్టుకున్నాను. నీలం బరకం నడుమ పసుపు బంతి. అందరూ లాగుతున్నకొద్దీ బరకం బిగిసింది. బంతి ఒకసారి కదిలి, కుప్ప నెత్తిన కుదురుకుంది.