నా తలలో లేని పేను

పేనుకొరుకుడు అనే మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ పేరు పెట్టినవాళ్లెవరో గాని, పెట్టేముందు ఒక్కసారి తలలో వెతికి చూసి ఉంటే బాగుండేది.

మా తాలూకా బళ్లారి జిల్లా నుంచి కర్నూలుకు మారిన కొత్తలో సంగతి ఇది. ఎమ్మిగనూరులో పుట్టి, పెళ్లయి ఆదోని వచ్చాను. అత్త కుదిర్చిన జిన్నింగు మిల్లులో పత్తిలోంచి చెత్త ఏరే పనికి పోయేదాన్ని. ఒక పొద్దున తల దువ్వుకుంటుంటే చెవి పైన రూపాయి బిళ్లంత మేర జుట్టు లేదు. నొప్పి లేదు, దురద లేదు, నున్నగా ఉంది. అత్త చూసి గుండె బాదుకుంది.

"అయ్యో, పేను కొరికినాది! ఇంక తలంతా బోడి అయ్యేదాకా ఇడవదమ్మీ."

ఆమె చెడ్డది కాదు. గోనెపట్టతో ఎర్రబడేదాకా రుద్దింది, ఉల్లిగడ్డ కోసి రాసింది, గురివింద గింజ అరగదీసి పూసింది. మంటకు తట్టుకోలేక తలుపు పట్టుకుని ఏడ్చాను. జుట్టు రాలేదు సరిగదా, వెనకాల ఇంకో బోడి బిళ్ల పడింది.

మిల్లులో మధ్యాహ్నం సంగటి తిన్నాక ఆడవాళ్లమంతా గోడ నీడన ఒకరి వెనక ఒకరం వరసగా కూర్చుని పేలు చూసుకునేవాళ్లం. అత్తల మీద చాడీలు, మొగుళ్ల మీద నవ్వులు, అన్నీ అక్కడే. కొత్త కోడలినైన నాకు ఆదోనిలో మనుషులు దొరికింది ఆ వరసలోనే. నా బిళ్లలు బయటపడిన రోజు, అక్కడ పెత్తనమంతా తనదే అనుకునే పొడుగు జడ ఆమె కాలు అడ్డం పెట్టింది.

"నువ్వు ఆడ కూసో. నీ తలలో ఉండేది కొరికే పేను. మా తలల్లోకి పాకితే మా గతేంది?"

పత్తి కుప్ప దగ్గర కూడా నా పక్కన ఎవరూ కూర్చోలేదు. మేస్త్రీ వచ్చి, "వాళ్లంతా ఒకటైనారు, నేనేం సేసేది? శనివారం దాకా సూస్తా. ఆ పైన నువ్వు రావద్దు" అన్నాడు. పని పోతే అత్త నన్ను పుట్టింటి బస్సెక్కిస్తుంది. భయం వేసింది. కానీ భయం కంటే కోపమే ఎక్కువొచ్చింది. నేనేం తప్పు చేశానని?

మర్నాడు పని మానుకుని ఒక్కదాన్నే ఆసుపత్రికి పోయాను. డాక్టరమ్మ తల అంతా చూసింది.

"ఇందులో పేను ప్రమేయం ఏమీ లేదమ్మా. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. దీన్ని అలోపీషియా అంటారు."

"అంటే ఏంది?"

"గ్రీకుల మాట. వాళ్ల భాషలో నక్కను అలోపెక్స్ అంటారు. గజ్జి పట్టిన నక్కకు బొచ్చు అక్కడక్కడా ఊడిపోతుంది కదా, అది చూసి పెట్టిన పేరు."

"మావాళ్లు పేను మీద ఏసినారు, వాళ్లు నక్క మీద ఏసినారు. అసలు సంగతి ఎవురికీ తెల్దన్నమాట!"

"మాకూ పూర్తిగా తెలియదు" అని నవ్వింది. ఆ గొడవంతటిలో తెలియదని చెప్పిన మనిషి ఆమె ఒక్కతే.

శనివారం మధ్యాహ్నం తల మీది కొంగు తీసేసి, జడ విప్పుకుని, నేరుగా పోయి పొడుగు జడ ఆమె ముందు కూర్చున్నాను.

"అక్కా, ఎతుకు. ఒక్క పేను దొరికినా ఈ మిల్లు గడప తొక్కను."

"నేను ముట్టను పో."

"భయమా?"

అందరూ చూస్తున్నారు. ఆమె పళ్లు బిగించి చేతులు వేసింది. పాయ పాయ విడదీసి వెతికింది. పేను మాట అటుంచి, దాని గుడ్డు ఈపి ఒక్కటి కూడా దొరకలేదు.

"అయినాదా? ఇప్పుడు నువ్వు తిరుగు" అన్నాను.

తల చూసినవాళ్లకు తిరిగి తల చూడటం ఆ వరసలో మర్యాద. కాదనలేక తిరిగింది. ఆ జడ విప్పితే చూడాలి, పేలు జాతర చేస్తున్నాయి! దొరికినదాన్నల్లా గోటి మీద పెట్టి, అందరికీ చూపించి మరీ చంపాను. వరసంతా ఒకటే నవ్వు. ఆ నవ్వులకు మేస్త్రీ తొంగిచూసి, రావద్దన్న మాట ఎత్తకుండా వెనక్కి పోయాడు.

"ఇన్ని పేలు కాపురం సేస్తాండాయి గదక్కా, నీ జుట్టు ఇంత ఒత్తుగా ఉండాదే! ఒక్కటీ లేని నా తలనెట్ల తినినాయి?"

ఆమె తల ఇంకాస్త వెనక్కి వంచి, "సెవి ఎనక సూడమ్మీ, ఆడ ఎక్కువుండాయి" అంది.